పాప టెన్త్ గ్రేడ్‌లో ఉంది, మా జీతానికి కాలేజీ ఎయిడ్ (ఫీజు సాయం) రాదంటున్నారు: ఇప్పుడేం చేయాలి?

ఫ్రిస్కో_రైతుబిడ్డ | సెప్టెంబర్ 27, 2025

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మేం టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. నాది హెచ్1బీ. ఐ140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) వచ్చి ఏడేళ్లయింది, గ్రీన్‌కార్డు ఎప్పటికొస్తుందో ఆ వెంకన్నకే తెలియాలి. మా ఆవిడ హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ల భార్యకిచ్చే పని పర్మిట్) మీద ఒక స్కూల్లో పార్ట్‌టైం చేస్తుంది. ఇద్దరిదీ కలిపి ఏడాదికి 1,62,000 డాలర్లు. పాప ఇక్కడే పుట్టింది, టెన్త్ గ్రేడ్. బాబు ఎయిత్ గ్రేడ్.

మొన్న శనివారం ఒక హోటల్లో కాలేజీ ప్లానింగ్ సెమినార్ అంటే ఇద్దరం వెళ్లాం. కాఫీ, బిస్కెట్లు ఇచ్చారు. మొదటి స్లైడే ఏడాదికి 90 వేలు దాటిన ప్రైవేట్ కాలేజీల జాబితా. దాన్ని నాలుగుతో గుణించి ఎర్ర రంగులో చూపించారు. తర్వాత ఒకాయన పక్కకు పిలిచి, 3,500 డాలర్లు కడితే మా ఫారాలన్నీ వాళ్లే చూస్తారని, మా సేవింగ్స్‌ని ఒక లైఫ్ ఇన్సూరెన్స్ పాలసీలోకి మారిస్తే కాలేజీలకు కనపడదని, ఎయిడ్ బాగా వస్తుందని చెప్పాడు. సోమవారం లోపు చెబితే 500 తగ్గిస్తాడట.

మా దగ్గరున్నవి: 401కె (రిటైర్మెంట్ సేవింగ్స్) ఉంది. బ్యాంకులో 40 వేల దాకా ఉన్నాయి. పాప పుట్టినప్పుడు ఎవరో చెబితే ఆమె పేరు మీద యూటీఎంఏ అకౌంట్ (పెద్దయ్యేదాకా మనం చూసే పిల్లల ఖాతా) తెరిచాను, అందులో 18,000 ఉన్నాయి. 529 (చదువు ఖర్చుల కోసం ఉండే పొదుపు ఖాతా) లేదు. కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్, అద్దెకిచ్చాం. నాన్నగారు పోయాక బాపట్ల దగ్గర రెండెకరాలు నా పేరు మీదికి వచ్చింది.

నా అనుమానాలు: మా వీసా వల్ల పాపకి ఎయిడ్ రాకుండా పోతుందా? ఇండియాలో ఉన్నవి కూడా చెప్పాలా? ఆ 3,500 కట్టొచ్చా? అసలు ఇదంతా ఇంకా తొందరా, లేక ఇప్పటికే ఆలస్యమా?

పాపకి మాత్రం "నువ్వు చదువు తల్లీ, డబ్బు సంగతి నేను చూసుకుంటా" అని చెప్పేశాను. ఆమె హాయిగా ఉంది. నిద్రపట్టనిది నాకే.

---

ప్లేనో_పంతులు | సెప్టెంబర్ 27

ఆ జీతానికి మీకు రూపాయి రాదు. మా అబ్బాయికీ రాలేదు. ఫాఫ్సా, అదే ఎయిడ్ కోసం ఫెడరల్ గవర్నమెంటుకి పెట్టే ఫారం, నింపడం శుద్ధ దండగ, గంటన్నర పోయింది నాకు. ఇన్‌స్టేట్‌లో (సొంత రాష్ట్రం పబ్లిక్ కాలేజీల్లో) ఏదో ఒకటి చూసుకోండి, అయిపోతుంది.

---

ఫారాలత్త | సెప్టెంబర్ 28

తమ్ముడూ, ముందు ఆ సోమవారం మనిషికి ఫోన్ చేసి వద్దని చెప్పి, తర్వాత మిగతాది చదవండి.

నా సంగతి ఒక్క ముక్క. మా పెద్దాడు 2013లో కాలేజీకి వెళ్లేటప్పుడు మేం చేయని తప్పు లేదు. ఆ కసి కొద్దీ నేర్చుకుని, అప్పట్నుంచీ ఏటా అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా శనివారాలు లైబ్రరీలో ఒక బల్ల వేసుకుని వచ్చిన వాళ్లకి ఫారాలు నింపడంలో సాయం చేస్తున్నాను. పైసా తీసుకోను. ఈ పేరు పెట్టింది అక్కడి పిల్లలే.

ఫాఫ్సాలో మొదటి అక్షరానికి అర్థమే ఉచితం. స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్‌లో ఎవరైనా నింపుకోవచ్చు. దానికి మూడు వేలు అడిగేవాడు మీకు అమ్ముతున్నది ఫారం కాదు, పాలసీ. లైఫ్ ఇన్సూరెన్స్‌లో పేరుకున్న డబ్బుని ఫాఫ్సా అడగదన్నది నిజమే, ఆయన అబద్ధం చెప్పలేదు. చెప్పనిది ఏంటంటే, మీ లెక్క తేలేది జీతం మీద. 40 వేల సేవింగ్స్‌ని దాచినా దాచకపోయినా మీ విషయంలో పెద్ద తేడా రాదు. తల్లిదండ్రుల ఆస్తిలో మహా అయితే 5.64 శాతమే మీరు ఏడాదికి కట్టగలరని వేసే లెక్కలోకి వస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి పాలసీ కమిషన్లు కట్టుకుని, అవసరానికి తీసుకోలేని చోట డబ్బు ఇరికించుకోవడం ఎందుకు?

ఇక వీసా. మీరు హెచ్1బీ అయినా, మీకు అసలు సోషల్ నంబరే లేకపోయినా, పాప అమెరికా పౌరురాలు కాబట్టి ఆమె అర్హత ఆమెదే. ఫెడరల్ ఎయిడ్‌కి చూసేది విద్యార్థి స్టేటస్‌ని, అమ్మానాన్నలది కాదు. ఏటా నా బల్ల దగ్గర కనీసం నలుగురు తండ్రులు ఇది నమ్మక ఫారం నింపకుండానే వెళ్లిపోబోతారు, పట్టుకుని కూర్చోబెడతాను.

ప్లేనో పంతులుగారూ, ఏమీ అనుకోకండి, మీరు చెప్పింది సగమే నిజం. పెల్ గ్రాంట్, అంటే తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం, 2025-26లో గరిష్ఠంగా 7,395 డాలర్లు. 1,62,000 జీతం ఉన్న కుటుంబానికి అది రాదు, ఒప్పుకుంటాను. కానీ ఫాఫ్సా నింపితేనే పాప పేరు మీద ఫెడరల్ డైరెక్ట్ లోన్ వస్తుంది: మొదటి ఏడు 5,500, రెండో ఏడు 6,500, ఆ తర్వాత 7,500. దీనికి జీతం అడ్డు కాదు, కోసైనర్ (హామీ సంతకం పెట్టేవాళ్లు) అక్కర్లేదు, క్రెడిట్ స్కోర్ చూడరు. గ్రీన్‌కార్డు లేని ఇళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో తెలుసా? ప్రైవేట్ లోన్‌కి చాలా బ్యాంకులు సిటిజెన్‌నో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనో కోసైనర్‌గా తెమ్మంటాయి. అప్పుడు ఎవరింటి తలుపు కొడతారు? పైగా టెక్సాస్‌లో హైస్కూల్ పాసవ్వాలంటే ఫాఫ్సా అయినా నింపాలి, టాస్ఫా (రాష్ట్రం ఎయిడ్ ఫారం) అయినా నింపాలి, లేదా వద్దని సంతకం పెట్టిన కాగితమైనా ఇవ్వాలి. ఎలాగూ తప్పని పని.

ఇంకో కారణం కూడా ఉంది, అది చివర్లో చెబుతాను.

ఆలస్యమా తొందరా అన్నారు. సరిగ్గా సమయానికి వచ్చారు. ఫాఫ్సా రెండేళ్ల కిందటి ట్యాక్స్ చూస్తుంది. మీ పాప 2028 ఫాల్‌లో (ఆగస్టు-సెప్టెంబర్) చేరుతుంది. ఫారం 2027 అక్టోబర్‌లో తెరుచుకుంటుంది. అందులో చూసే సంపాదన 2026 సంవత్సరానిది. అంటే మీ లెక్క మొదలయ్యేది ఇంకో మూడు నెలల్లో, పాప ఇంకా టెన్త్‌లో ఉండగానే. ఆ కూకట్‌పల్లి ఫ్లాట్‌ని అమ్మే ఆలోచన ఏమైనా ఉంటే ఇది గుర్తుంచుకోండి. ఏ సంవత్సరంలో అమ్మితే ఆ లాభం ఆ ఏడాది ట్యాక్స్‌లో సంపాదనగా కనిపిస్తుంది. డిగ్రీ నాలుగేళ్లకీ చూసేవి 2026 నుంచి 2029 దాకా. కంపెనీ షేర్లు అమ్మడం కూడా అంతే.

ఇండియా ఆస్తి చెప్పాలా అంటే, చెప్పాలి. మీరుండే ఇంటిని ఫాఫ్సా అడగదు. 401కెలో ఉన్నదీ అడగదు. కానీ మీరుండని ఫ్లాటు, పొలం ఎక్కడున్నా పెట్టుబడి కిందే లెక్క. ఫారం సంతకం పెట్టే రోజున ఎంత చేస్తుందో చూసి, దాని మీదున్న అప్పు తీసేసి, డాలర్లలో రాయాలి. అన్నదమ్ములతో ఉమ్మడిగా ఉంటే మీ వాటా వరకే. "బాపట్లలో పొలం ఎవడు చూడొచ్చాడు" అనే మాట నాకు ఏటా వినిపిస్తుంది. కింద సంతకం పెట్టేది పాప కూడా. పదిహేడేళ్ల పిల్ల చేత మొదటి సంతకమే అబద్ధం మీద పెట్టిస్తామా? నేనైతే అలాంటి ఫారం ముట్టుకోను.

యూటీఎంఏ సంగతి చూడండి. అది చట్టప్రకారం పాప డబ్బు. పిల్లల ఆస్తిలో 20 శాతం లెక్క కడతారు. అంటే 18,000 మీద 3,600. అదే డబ్బు 529లో ఉంటే తల్లిదండ్రుల ఆస్తి కింద పోతుంది, ఎక్కువలో ఎక్కువ వెయ్యి పైచిలుకు. యూటీఎంఏని పాప పేరు మీదే ఉండే కస్టోడియల్ 529లోకి మార్చుకోవచ్చు. కాకపోతే ముందు షేర్లు అమ్మాలి, లాభం మీద పన్ను పడుతుంది. మీ ట్యాక్స్ ఆయన్ని అడిగి ఈ డిసెంబర్ లోపే చేస్తే 2026 ట్యాక్స్‌లో ఆ గొడవ ఉండదు.

529 గురించి అందరికీ ఒకటే భయం, పాపకి స్కాలర్‌షిప్ వస్తే ఆ డబ్బు ఇరుక్కుపోతుందేమోనని. ఇరుక్కోదు. స్కాలర్‌షిప్ ఎంతొస్తే అంత మేరకు బయటకు తీసినా పది శాతం పెనాల్టీ ఉండదు, లాభం మీద పన్ను మాత్రం కట్టాలి. మీరు సొంతంగా తెరిచిన మామూలు 529 అయితే తమ్ముడి పేరుకి మార్చుకోవచ్చు, యూటీఎంఏ నుంచి వచ్చింది మాత్రం పాపదే, మార్చడం కుదరదు. మీకు వెనకాల ఎయిత్ గ్రేడ్ వాడు రెడీగా ఉన్నాడు కదా.

ఆ మాట వచ్చింది కాబట్టి: పాత లెక్కలో ఇంట్లో ఇద్దరు కాలేజీలో ఉంటే తల్లిదండ్రుల వంతు చెరిసగం అయ్యేది. 2024-25 నుంచి ఫాఫ్సాలో ఆ వెసులుబాటు తీసేశారు. మీకు 2030 నుంచి రెండేళ్లు ఇద్దరూ కాలేజీలో ఉంటారు. ఆ రెండేళ్లనీ ఇప్పుడే కాగితం మీద వేసి చూసుకోండి.

ఇక 90 వేల స్లైడ్. అది స్టిక్కర్ ధర. ఎవరు ఎంత కడతారన్నది కాలేజీని బట్టి మారిపోతుంది. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లోనూ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉండాలని 2011 నుంచి చట్టం. మీ జీతం, ఆస్తి వేస్తే మీ ఇంటికి సుమారుగా ఎంత పడుతుందో చెబుతుంది. అరగంట పని. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ 2025లో 2 లక్షల లోపు సంపాదన ఉన్న మీలాంటి కుటుంబాలకి సగం ట్యూషన్ ఫీజు ఇచ్చింది. ప్రిన్స్‌టన్ 2025 ఆగస్టులో ప్రకటించిన దాని ప్రకారం రెండున్నర లక్షల దాకా సంపాదించే చాలా కుటుంబాలకి ట్యూషన్ ఫీజే ఉండదు. సీటు రావడం వేరే కథ, అది నా చేతిలో లేదు. నేను చెప్పేది ధర గురించే: పేద్ద పేరున్న కాలేజీ మీకు చవకగా పడి, ఎవరూ పేరు వినని ప్రైవేట్ కాలేజీ ఇల్లు గుల్ల చేయొచ్చు. అయితే ఈ పెద్ద కాలేజీలు చాలావరకు సీఎస్ఎస్ ప్రొఫైల్ అని ఇంకో ఫారం అడుగుతాయి. అది ఫాఫ్సా కన్నా లోతుగా తవ్వుతుంది, మీరుండే ఇంటి విలువ కూడా అడగొచ్చు. ఫ్లాటూ పొలమూ అక్కడ గట్టిగానే లెక్కలోకొస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. మీ ప్రశ్నలన్నిటిలోకీ నన్ను పట్టి ఆపింది మీరు ప్రశ్నగా రాయని ఆ చివరి మాట. "నువ్వు చదువు తల్లీ, డబ్బు సంగతి నేను చూసుకుంటా."

మేమూ మా పెద్దాడికి అదే చెప్పాం. వాడు నమ్మాడు. పన్నెండు కాలేజీలకి పెట్టాడు, తనకి నచ్చిన దాంట్లో సీటొచ్చింది, ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఉత్తరంలో "మీ ఎయిడ్ 41,000" అని రాసుంది. కేక్ కూడా కోశాం. మర్నాడు మా ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివితే అందులో గ్రాంట్ 12,000. క్యాంపస్‌లో పనిచేస్తే వచ్చేది రెండున్నర వేలు. పిల్లాడి లోన్ 5,500. మిగతా 21,000 పేరెంట్ ప్లస్ లోన్, అంటే మేం తెచ్చుకోవాల్సిన అప్పు. దాన్నీ ఎయిడ్ అనే రాశారు. అంతకన్నా విడ్డూరం, అప్పటికి మాదీ హెచ్1బీయే. ఆ లోన్‌కి తల్లిదండ్రులు సిటిజెన్లయినా, గ్రీన్‌కార్డు వాళ్లయినా అయ్యుండాలి. మాకు రానే రాని అప్పుని మాకిచ్చిన సాయం కింద లెక్క రాశారు. ఆ లోన్ మీకు దొరికేదే అయినా, 2026 జులై నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి ఏడాదికి 20 వేలు, ఒక్కో పిల్లకి మొత్తం 65 వేలు అని పరిమితి వస్తోంది. దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఏప్రిల్ నెలాఖరు. ఏ కాలేజీలో చేరేదీ మే 1కి చెప్పాలి. మా ఆయన వాణ్ణి కార్లో కూర్చోబెట్టుకుని చెప్పాడు. వాడు ఏడవలేదు, గొడవ చేయలేదు. "ముందే చెప్పుంటే అసలు దానికి పెట్టేవాణ్ణే కాదు కదా అమ్మా" అన్నాడు ఇంటికొచ్చాక. యూటీ డల్లాస్‌లో చేరాడు, బాగానే ఉన్నాడు, పెళ్లి కూడా అయింది. ఆ మాట మాత్రం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

కాబట్టి తమ్ముడూ, మీ ఇద్దరూ కూర్చుని ఒక అంకె తేల్చండి. ఏడాదికి ఇంత పెట్టగలం, దీనికి మించి లేదు అని. అది 15 వేలు కావచ్చు, 30 కావచ్చు. ఆ అంకెని పాపకి చెప్పండి, కాలేజీల జాబితా రాసుకోకముందే. చిన్నపిల్ల, టెన్షన్ పడుతుందంటారేమో. ఏప్రిల్‌లో పడే టెన్షన్ కన్నా ఇది నయం. మన పిల్లలకి లెక్కలు రావా ఏంటి?

చివర్లో చెబుతానన్న కారణం: ఉద్యోగం. రెండేళ్ల కిందటి ట్యాక్స్‌లో మంచి జీతం కనిపిస్తుంటుంది, ఈలోపు లేఆఫ్ అవుతుంది. హెచ్1బీకి వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి ఉన్నది 60 రోజులు. నిరుడు ఒక తండ్రి నవంబర్‌లో ఉద్యోగం పోయి నా బల్ల దగ్గరకొచ్చాడు. ఆయన ఫాఫ్సా అప్పటికే నింపి ఉంది కాబట్టి, టెర్మినేషన్ లెటర్, ఆఖరి పే స్టబ్ జతచేసి కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి పరిస్థితి మారిందని అప్పీల్ పెట్టాం. వాళ్లు కొత్త సంపాదనతో మళ్లీ లెక్కగట్టి గ్రాంట్ ఇచ్చారు. ఫారమే లేకపోతే అప్పీల్ దేని మీద పెడతారు?

---

ఇర్వింగ్_అమ్మ | సెప్టెంబర్ 28

అక్కా, ఫారాలు చదవడం వచ్చినవాళ్లు మాట్లాడితే ఎంత తేడా! నాదొక చిన్న మాట, పాప ఇక్కడ పుట్టింది కాబట్టి ఫ్రిస్కో అన్నయ్యకి వర్తించదు గానీ ఇది చదివే వేరేవాళ్లకి.

మా అబ్బాయి హైదరాబాద్‌లో పుట్టాడు, హెచ్4. వాడికి ఫెడరల్ ఎయిడ్ లేదు. పెల్ లేదు, డైరెక్ట్ లోన్ లేదు. మా అదృష్టం, టెక్సాస్‌లో హెచ్4 పిల్లలు కూడా ఇక్కడ నివాసం ఉన్నట్టు చూపించగలిగితే ఇన్‌స్టేట్ ట్యూషన్ ఫీజే కడతారు. ఏడాది లీజు, పే స్టబ్స్, ట్యాక్స్ కాగితాలు అన్నీ పట్టుకెళ్లాం. కాలేజీలో కౌంటర్ దగ్గర అమ్మాయి మొదట "ఇంటర్నేషనల్" అని రాసేసింది. సూపర్‌వైజర్‌ని పిలవమని గట్టిగా అడిగితే రెండు వారాలకి మార్చారు. మొహమాటపడి వచ్చేసుంటే మూడింతలు కట్టేవాళ్లం. రెసిడెన్సీ తేలినవాళ్లు ఫాఫ్సా బదులు టాస్ఫా నింపొచ్చు, రాష్ట్రం డబ్బు కోసం.

21 నిండితే హెచ్4 పోతుంది, ఎఫ్1 (స్టూడెంట్ వీసా)కి మారాలి. అది మూడో ఏడులోనో నాలుగో ఏడులోనో వస్తుంది. క్యాలెండర్‌లో ఇప్పుడే రాసిపెట్టుకోండి.

---

కాలిన్_కుర్రాడు | సెప్టెంబర్ 29

హాయ్ అంకుల్. నాది పోయినేడే డిగ్రీ అయింది, మూడేళ్లలో. డ్యూయల్ క్రెడిట్ వల్ల. 11, 12లో ఉండగానే కాలిన్ కాలేజీ క్లాసులు తీసుకున్నాను. టెక్సాస్‌లో కోర్ కరికులం (డిగ్రీలో అందరికీ తప్పనిసరి సబ్జెక్టులు) 42 క్రెడిట్ అవర్స్, ఏ పబ్లిక్ యూనివర్సిటీకి వెళ్లినా ఒప్పుకోవాలి. నాకు 36 అయిపోయాయి. ఒక ఏడాది ఫీజు, రూమ్, భోజనం అన్నీ మిగిలాయి.

కాకపోతే బయట రాష్ట్రం ప్రైవేట్ కాలేజీలు ఇవి ఒప్పుకోకపోవచ్చు. అలాగే యూటీ ఆస్టిన్ మీద కన్నుంటే, 2026 ఫాల్ నుంచి ఆటోమేటిక్ అడ్మిషన్ స్కూల్ ర్యాంకులో టాప్ 5 శాతానికే. ఫ్రిస్కో స్కూళ్లలో టాప్ 5 అంటే... మీకు తెలుసు కదా. పాప వచ్చే ఏడాది అక్టోబర్‌లో పీఎస్ఏటీ (ఎస్ఏటీకి ముందు రాసే పరీక్ష) రాస్తుంది, అది సీరియస్‌గా రాయమనండి. దాని ద్వారా నేషనల్ మెరిట్ ఫైనలిస్ట్ అయితే యూటీ డల్లాస్ స్కాలర్‌షిప్ చాలా బాగా ఇస్తుంది. నేను ఆ టెస్ట్ ముందు రోజు రాత్రి క్రికెట్ చూశాను, అమ్మ ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

---

ప్లేనో_పంతులు | సెప్టెంబర్ 29

అమ్మా ఫారాలత్తగారూ, లేఆఫ్ కోణం నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నా. రెండోవాడిది ఈ ఏడాది సీనియర్ ఇయర్. నింపుతాను. అయితే ఒక తలనొప్పి. పోయినసారి అకౌంట్ తెరవడానికే నాకు మూడు రోజులు పట్టింది, పేరు కలవడం లేదని ఒకటే గోల.

---

ఫారాలత్త | సెప్టెంబర్ 29

మన తెలుగువాళ్లందరికీ ఉన్న జబ్బే అది పంతులుగారూ! సోషల్ సెక్యూరిటీ కార్డు మీద పేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే కొట్టాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, డ్రైవింగ్ లైసెన్స్‌లో ఇంకో చోట, కార్డులో అసలు పేరంతా చివర్న. మొన్న ఒకావిడ కార్డులో మొదటి పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని ఉంది, పేరే లేదన్నమాట. అదే కొట్టమన్నాను, వెళ్లిపోయింది. కార్డు బయటకు తీసి, చూసి కొట్టండి. గుర్తుంది కదా అని కొట్టకండి. మీరూ మేడంగారూ జాయింట్‌గా ట్యాక్స్ వేస్తే మీలో ఒక్కరి అకౌంట్ చాలు, ఇంకొకటి అబ్బాయిది. లోపల ఐఆర్ఎస్ (ట్యాక్స్ శాఖ) నుంచి వివరాలు తెచ్చుకోవడానికి ఒప్పుకుంటారా అని అడుగుతుంది, ఒప్పుకోవాలి. అక్కడ అనుమానపడి కాదంటే ఫెడరల్ ఎయిడ్ మొత్తం ఆగిపోతుంది.

కాలిన్ కుర్రాడా, మీ అమ్మ చేసేది కరెక్టే.

---

ఫ్రిస్కో_రైతుబిడ్డ | అక్టోబర్ 5

అక్కా, అందరికీ థాంక్స్. వారం రోజులు పట్టింది రాయడానికి.

సెమినార్ ఆయనకి వద్దని చెప్పేశాను. ఇంకా ఫోన్లు చేస్తున్నాడు, ఇప్పుడు వెయ్యి తగ్గిస్తాడట. యూటీఎంఏ గురించి ట్యాక్స్ ఆయనతో మాట్లాడాను, నవంబర్‌లో మారుస్తున్నాం.

అంకె తేల్చడానికి మాకు రెండు రాత్రులు పట్టింది. మా ఆవిడ నెలకి 1,500 పెట్టగలమంది, నేను 900 అన్నాను, ఇద్దరం అరుచుకున్నాం. నేను ఇండియాకి అమ్మకి పంపేది లెక్కలో మర్చిపోయావంటే, నువ్వు ఏటా మార్చే ఫోన్ లెక్కలో వేశావా అంది. చివరికి నెలకి 1,200 దగ్గర ఆగాం. యూటీఎంఏ నాలుగు ముక్కలు చేస్తే ఏడాదికి నాలుగున్నర వేలు. పాప వేసవిలో పనిచేస్తే ఒక మూడు వేలు. అంతా కలిపి ఏడాదికి దాదాపు 22,000. ఫెడరల్ లోన్ దీనికి అదనం, అది తీసుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. బాబు చేరాక ఆ రెండేళ్లు ఎలా అన్నదానికి మా దగ్గర ఇంకా జవాబు లేదు, ఆ గడి ఖాళీగానే ఉంచాం.

నిన్న సాయంత్రం పాపకి చెప్పాను. భోజనాల దగ్గర చెబుదామనుకుని చెప్పలేక, గిన్నెలు తోముతూ చెప్పాను, మొహం చూడక్కర్లేదని. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇది సంవత్సరానికా, మొత్తానికా?" అని అడిగింది. సంవత్సరానికన్నాను. "ఓ, అయితే పర్లేదు" అని లాప్‌టాప్ తెచ్చుకుని నా పక్కనే కౌంటర్ మీద కూర్చుంది. రైస్ కాలిక్యులేటర్ తెరిచి ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. జీతం చెప్పాను. బ్యాంకులో ఉన్నది చెప్పాను. ఫ్లాట్ రేటు మా ఆవిడ చెప్పింది, నేను అనుకున్న దానికంటే ఎక్కువే.

"నాన్నా, తాతయ్య పొలం ఎంత ఉంటుంది?"

ఎకరం ఎంత పలుకుతోందో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. అమ్మేది కాదు కదా అని. పేజీ అలాగే తెరిచి ఉంచి పడుకుంది. అక్కడ తెల్లారాక మా బాబాయికి ఫోన్ చేయాలి.